చంద్రవ్వ పెరట్లో రెండొందల పన్నెండు మంది

నీలంపేట పురపాలక సంఘంలో నేను జనన మరణాల నమోదు గుమాస్తాను. నా పేరు శ్రీశైలం. పదకొండేళ్లుగా ఆ బల్ల వెనకే కూర్చుంటున్నాను. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నా కంప్యూటర్‌లోకి ఎక్కిన తరువాతే అది నిజమవుతుంది. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. తండ్రి పోయినప్పుడు గుండె రాయి చేసుకుని తిరిగిన ఒక పెద్దమనిషి, మరణ ధ్రువపత్రం చేతికిచ్చిన రోజున నా బల్ల ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంతటి విభాగంలోకి టమాటాలు ఎలా వచ్చాయో చెప్తాను.

ఆ ఏడాది వానలు మొదలవగానే 'ఇంటింటా టమాటా' అనే కార్యక్రమం వచ్చింది. ప్రతి ఇంట్లో టమాటా మొక్క ఉండాలి. పెరడు ఉంటే పెరట్లో, లేకపోతే డాబా మీద, అదీ లేకపోతే పగిలిన బకెట్లో. అందులో తప్పేమీ లేదు. జనం ఇష్టంగానే పెంచారు. రెండు నెలలకు ఏ సందులోకి వెళ్లినా టమాటా ఆకు ఘాటు వాసన వచ్చేది. ఆడవాళ్లు పంపు దగ్గర నీళ్ల కోసం కాకుండా పిందెల గురించి పోట్లాడుకునేవారు.

చిక్కంతా సమీక్షా సమావేశంలో వచ్చింది. జిల్లా కేంద్రంలో జరిగిన ఆ సమావేశానికి మా కమిషనర్ ముకుందరావు గారు వెళ్లారు. "మీ పట్టణంలో ఎన్ని టమాటాలు ఉన్నాయి?" అని పైఅధికారి ఒక్కొక్కరినీ అడిగారు. తక్కిన కమిషనర్లందరూ చివరి అంకెతో సహా చెప్పారు. మా కమిషనర్ గారు నిజాయితీపరులు. "చాలా ఉన్నాయి సార్" అన్నారు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఆయన వెంట జీపులో నీలంపేట దాకా వచ్చింది. దిగీ దిగగానే నన్ను పిలిచారు.

"శ్రీశైలం, పుట్టుకలను నమోదు చేసిన అనుభవం ఈ కార్యాలయంలో ఎవరికి ఉంది?"

"నాకే సార్."

"అయితే ఇకమీదట పట్టణ పరిధిలో జన్మించే ప్రతి టమాటాయొక్క జననమును విధిగా నమోదు చేయవలెను. ఏ ఒక్క టమాటా లెక్కకు రాకుండా ఉండరాదు."

"సార్, మన సాఫ్ట్‌వేర్ మనుషులది."

"సాఫ్ట్‌వేర్‌కు మనిషి మొహం తెలుసా శ్రీశైలం? మనం ఏది ఎక్కిస్తే అదే మనిషి."

పదకొండేళ్లుగా నేను చేస్తున్నదీ అదే.

ఫారం నింపడం అనుకున్నంత తేలిక కాలేదు. తల్లి పేరు దగ్గర మొక్క నంబరు వేశాం. తండ్రి పేరు లేకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు. కమిషనర్ గారు కాసేపు కళ్లు మూసుకుని, "ఇంటి యజమాని పేరు వేయండి" అన్నారు. ఆడా, మగా అన్న గడి దగ్గర ఒక పూట చర్చ జరిగింది. పట్టణంలో లింగ నిష్పత్తి చెడిపోకుండా ఒకటి విడిచి ఒకటి వేయాలని తీర్మానించాం. ప్రసవం ఎక్కడ జరిగింది అన్నచోట 'ఇంటి వద్ద' అనీ, ఎవరి పర్యవేక్షణలో అన్నచోట 'శిక్షణ లేని వ్యక్తి' అనీ రాశాం.

ఈ పని మీదే నేను తొమ్మిదో వార్డులో చంద్రవ్వ ఇంటికి వెళ్లాను.

చంద్రవ్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నాలుగు వందల మంది పిల్లలను వరసలో నిలబెట్టే గొంతు ఆమెది. భర్త రాజలింగం మగ్గం నేసే మనిషి. వానాకాలంలో ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరమైతే పోయింది కాని పోతూ పోతూ నోటి రుచిని పట్టుకుపోయింది. ఏది నోట్లో పెట్టినా చేదే. మనిషి చిక్కి, మంచంలో దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియకుండా అయ్యాడు.

వాళ్ల పెరట్లో పదకొండు మొక్కలున్నాయి. పథకం వాళ్లు పంచిన నారు కాదు. చంద్రవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాటు విత్తనం. కాయలు నున్నగా, గుండ్రంగా ఉండవు. గుమ్మడికాయలా గీతలు పడి, అడుగున కాస్త నొక్కినట్టు ఉంటాయి. నేను ఒక్కో కాయ తొడిమకు నంబరు చీటీ కట్టుకుంటూ వెళ్తుంటే చంద్రవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం రాసుకుంటున్నవ్ కొడుకా?"

"కాయలు పుట్టిన తేదీలు రాస్తున్న పెద్దమ్మా."

"ఎవలన్న పండే తేదీ చూస్కుంటరు గని, పుట్టిన తేదీతోని ఏం పని?"

"పైనుంచి ఆర్డరు."

"పైనున్నోళ్లకు పెరడు లేదా?"

మంచంలోంచి రాజలింగం మెల్లగా అడిగాడు. "శ్రీశైలం, తండ్రి పేరు నాదే రాసినవా?"

"అవు పెద్దనాయినా. ఇంటి యజమానివి నువ్వే కదా."

"ఎంతమంది?"

"రెండొందల పన్నెండు."

ఆయన పెదవి కొద్దిగా సాగింది. "ఇద్దరు బిడ్డల్ని సాదేసరికే నా నడుము పొయ్యింది. ఇంతమందిని ఎట్ల సాదాలె?"

జ్వరం తరువాత ఆయన పరిహాసమాడటం అదే మొదటిసారి అని చంద్రవ్వ నాతో చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. "ఏం పెట్టినా ఉమ్మేస్తుండు. గీ చెట్ల టమాటలు కాల్చి తొక్కు నూరితే మటుకు రెండు రొట్టెలు తింటడు. అదొక్కటే నోటికి పోతున్నది. బజార్ల టమాట తెచ్చి చేస్తే రబ్బరు బంతి అంటడు."

అప్పటికి ఆమె ఇష్టమున్నప్పుడు కోసుకోవడానికి అడ్డం లేదు. అడ్డం తరువాత వచ్చింది.

నెల తిరిగేసరికి ఎనభై నాలుగు వేల పైచిలుకు టమాటాలు పుట్టినట్టు నమోదయ్యాయి. కమిషనర్ గారు ఆ జాబితాను చూసి మురిసిపోతూనే ఒక్కసారి కనుబొమలు ముడిచారు.

"శ్రీశైలం, వీటిలో కొన్ని ఇప్పటికే భుజింపబడి ఉండవచ్చును కదా?"

"కొన్ని వేలు ఉంటాయి సార్."

"భుజింపబడినవారు ఇంకా జీవించియున్నట్లు రికార్డు చూపుచున్నది. ఇది తప్పుడు సమాచారము. మరణములు కూడా నమోదు చేయుడు."

అలా మర్నాటి నుంచి నా బల్ల ముందు ఆడవాళ్లు బారులు తీరారు. చేతిలో తొడిమ, దానికి కట్టిన చీటీ. కంప్యూటర్‌లో మరణ కారణాల పట్టిక ఒకటి ఉంది. అందులోంచే ఏదో ఒకటి ఎంచుకోవాలి. మన ఇష్టం వచ్చినట్టు రాయడానికి కుదరదు.

"ఎట్ల పొయ్యింది?" అని అడిగేవాణ్ని.

"చారుల వేసిన."

'నీట మునిగి' అని నొక్కేవాణ్ని. పప్పులో ఉడికినవి 'కాలిన గాయములు'. తొక్కు నూరినవి 'యంత్ర ప్రమాదము'. ఉప్పు అద్దుకుని పచ్చిగా కొరుక్కు తిన్నవాటికి ఎంత వెతికినా సరైన కారణం దొరకలేదు. చివరికి 'జంతువుల దాడి' కింద వేశాను. ఆరో వార్డు లెక్చరర్ గారు ఆ ధ్రువపత్రం చూసుకుని, "తిన్నది నేనయ్యా" అని నొచ్చుకున్నారు. చెట్టు మీదే మగ్గిపోయి రాలిన ఒక్కదానికి మాత్రం 'వృద్ధాప్యము' అని తృప్తిగా రాశాను. ఆ నెలంతటిలో నా మనసు ఒప్పుకున్న ఎంట్రీ అదొక్కటే.

తరువాతి వారం మా కార్యాలయం ముందు ఒక లారీ ఆగింది. అందులోంచి రబ్బరు పడవ, తాళ్లు, నారింజ రంగు కోట్లు వేసుకున్న పన్నెండు మంది దిగారు. నీలంపేటలో ఒకే నెలలో ఆరు వందల నలభై మంది నీట మునిగి చనిపోయారని పైనుంచి కబురు అందిందట. వాళ్ల నాయకుడు చెమట తుడుచుకుంటూ, "నది ఎక్కడ సార్?" అని అడిగాడు.

మా ఊళ్లో నది లేదు. ఉన్న ఒక్క కుంటలో మోకాలి లోతు నీళ్లుంటాయి. కమిషనర్ గారు వాళ్లకు టీలు ఇప్పించి, పరిస్థితి అదుపులోనే ఉందని రాసిచ్చి పంపించేశారు.

ఆ సాయంత్రమే ఇంకో ఉత్తరం వచ్చింది. ఇది అభినందన. నీలంపేట జనాభా ముప్పై ఒక్క వేల నుంచి లక్షా పదిహేను వేలకు పెరిగినట్టు గమనించామనీ, ఇంత త్వరగా ఎదిగిన పట్టణం మరొకటి లేదనీ, ప్రత్యేక అధికారి స్వయంగా వచ్చి పరిశీలించిన పిమ్మట పురపాలక సంఘాన్ని పై స్థాయికి పెంచే విషయం ఆలోచిస్తామనీ అందులో ఉంది.

కమిషనర్ గారు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి నిలబడి చదివారు.

మర్నాడు పొద్దున్నే సర్క్యులర్ వెలువడింది. 'పరిశీలన పూర్తియగు వరకు పట్టణ పరిధిలో ఏ టమాటాయూ మరణింపరాదు. కాయను కోయుట, రాల్చుట, మొక్కను అదేపనిగా ఊపుట నిషేధము. సహజ మరణమునకు సైతము గృహ యజమానియే బాధ్యుడు.'

నీలంపేట ఇళ్లలో చెట్ల నిండా ఎర్రగా పండ్లు, వంటింట్లో చింతపండు. టమాటా కావాలంటే బజారుకు వెళ్లి కొనుక్కోవాలి. బజారువి బయటి ఊళ్ల నుంచి వస్తాయి కనుక వాటి చావు మా లెక్కలోకి రాదు. మగ్గిన కాయ రాలిపోకుండా జనం పాత చీర పేలికలతో ఊయల్లా కట్టారు. ఒకాయన తన డాబా మీద పండు పక్కన గొడుగు పెట్టుకుని కాకులను తోలుతూ కూర్చున్నాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "ముసలామెను చూసుకుంటున్న" అన్నాడు.

నాలుగో రోజున చంద్రవ్వ కార్యాలయానికి వచ్చింది. మనిషి మొహం పీక్కుపోయి ఉంది. నేనే లోపలికి తీసుకువెళ్లాను.

"సారూ, మా ఆయన మూడొద్దుల సంది ముద్ద ముట్టలేడు. చెట్టు మీద టమాటలు పండి పగులుతున్నయి. ఓ నాలుగు కోస్కుంట."

కమిషనర్ గారు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. "అమ్మా, మీ ఇంట్లో ఎందరు ఉంటారు?"

"ఇద్దరం."

"రికార్డు ప్రకారము రెండు వందల పధ్నాలుగు మంది. అందులో ఒక్కరి అస్వస్థత నిమిత్తము నలుగురి ప్రాణములు తీయుటకు ఈ కార్యాలయము అనుమతి ఇవ్వజాలదు. నేను కఠినాత్ముడిని కాను. ఆ నలుగురి స్థానంలో ఉండి ఆలోచించండి."

చంద్రవ్వ కుర్చీని ముందుకు జరుపుకుంది. "పొద్దుగాల ఏం తిన్నవ్ సారూ?"

"ఇడ్లీ."

"దాంట్లకు?"

కమిషనర్ గారు ఫైలు తిరగేశారు. "చట్నీ."

"ఏం చట్నీ?"

"టమాటా" అన్నారు ఆయన, గొంతు బాగా తగ్గించి. "కాని అది పొరుగూరిదమ్మా. నేను విచారించే తిన్నాను."

చంద్రవ్వ లేచి వెళ్లిపోయింది. బడిలో నాలుగు వందల మందిని గదమాయించే మనిషి ఒక్క మాట అనకుండా మెట్లు దిగి వెళ్లడం నాకు బాగా అనిపించలేదు. ఆ పూట పని సరిగ్గా చేయలేకపోయాను. పుట్టినవాళ్లలో ఇద్దరిని చచ్చినవాళ్లలో వేశాను.

ఆదివారం పోలియో చుక్కల రోజు. చీటీలు తనిఖీ చేసే పని మీద నేను చంద్రవ్వ పెరట్లో ఉండగా, ఆరోగ్య కేంద్రం నుంచి సిస్టర్ రూతమ్మ భుజాన మందుల పెట్టెతో వచ్చింది. ఆమె వెనక ఇద్దరు ఆశా కార్యకర్తలు ఇంకో రెండు పెట్టెలు మోసుకొచ్చారు.

"ఈ ఇంట్ల ఐదేండ్ల లోపు పిల్లలు రెండొందల పన్నెండు మంది ఉన్నరని లిస్టుల వచ్చింది" అంది రూతమ్మ, రొప్పుతూ. "ఏడున్నరమ్మా? బడా, హాస్టలా?"

చంద్రవ్వ పెరటి వైపు వేలు చూపించింది.

రూతమ్మ మొక్కలను చూసింది. నంబరు చీటీలను చూసింది. ఆ తరువాత నన్ను చూసింది. గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక ఆమెకు భయం పట్టుకుంది. "ఇంతమందికి చుక్కలు వెయ్యలేదంటే నాకు మెమో వస్తది. వేస్తినంటే నౌకరే పోతది. ఏమని రాయాలె?"

"నిద్రపోతున్నరని రాయి" అన్నాను. అంతకన్నా నాకు తోచలేదు.

అప్పుడు ఆమె దృష్టి మంచం మీద పడింది. దగ్గరికి వెళ్లి రాజలింగం చెయ్యి పట్టుకుంది. ఆయన మణికట్టు చుట్టూ ఆమె రెండు వేళ్లు పూర్తిగా తిరిగి వచ్చాయి. నవ్విన మొహం అంతలోనే మారిపోయింది.

"ఏం తింటుండు?"

"ఏం తింటలేడు బిడ్డా. గవి తింటడు. గవి కోయద్దంటున్నరు."

"శ్రీశైలం, ఇంకో నాలుగొద్దులు గిట్లనే ఉంటే ఈయన మళ్ల దవాఖానల పడ్తడు. తమాష కాదు."

"నాకు ఎర్కే సిస్టర్. కాని కంప్యూటర్‌ల చావు వేయకుండ కాయ తెంపద్దని ఆర్డరు. చావు వేయద్దని ఇంకో ఆర్డరు."

"మీ కంప్యూటర్‌ల చావు గాక ఇంకేం గడులు లేవా?"

నేను ఆలోచించాను. ఫారం చివర, ఎవరూ ఎప్పుడూ చూడని చోట, ఒక చిన్న గడి ఉంది. పదకొండేళ్లలో దాన్ని నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఆ గడి పేరు 'అవయవదానము'.

మర్నాడు కార్యాలయంలో నేను ఆ మాట చెప్పగానే కమిషనర్ గారి కళ్లు మెరిశాయి. చావు అయితే జనాభాలో నష్టం. అదే చావు దానమైతే పట్టణానికి కీర్తి. పైగా జిల్లాలో ఏ పురపాలక సంఘమూ ఇంతవరకు ఆ గడిని నింపలేదు. ఆయన వెంటనే లేచి, పరిశీలనకు వస్తున్న ప్రత్యేక అధికారి చేతుల మీదుగానే ఆ కార్యక్రమం జరిపించాలని నిర్ణయించారు.

బుధవారం పదకొండు గంటలకు చంద్రవ్వ పెరట్లో షామియానా లేచింది. 'ప్రథమ టమాటా అవయవదాన మహోత్సవము' అని గోడంత ఫ్లెక్సీ కట్టారు. దాని మధ్యలో దాత ఫొటో. వయసు ముప్పై ఒక్క రోజులు, తండ్రి పేరు రాజలింగం. గ్రహీత పేరు కూడా రాజలింగమే. కన్నబిడ్డ తండ్రికి ప్రాణం పోస్తున్నాడని కమిషనర్ గారు ఉపన్యాసంలో అన్నప్పుడు వార్డు కౌన్సిలరు నిజంగానే కళ్లు ఒత్తుకున్నాడు. దాతకు బంతిపూల దండ వేశారు. ఆ బరువుకు మొక్క సగం వంగిపోయింది. ఒక నిమిషం మౌనం పాటించాం.

ప్రత్యేక అధికారిణి శకుంతలాదేవి గారు పొద్దున ఆరు గంటలకు బయలుదేరి, గుంతల రోడ్డు మీద వచ్చి, అలసిపోయి ఉన్నారు. అందరూ లేచి నిలబడితే ఆమె కూడా నిలబడ్డారు. దేనికోసమో ఆమెకు అర్థమైనట్టు లేదు. 'దాత' అంటే కొత్త వంగడం పేరేదో అనుకున్నారని తరువాత తెలిసింది.

మౌనం పూర్తికాగానే చంద్రవ్వ ముందుకు వచ్చింది. "ఒక్కదానితోని తొక్కు ఐతదా సారూ? నూరితే రోటికే అంటుకపోతది."

"మరి ఎంతమంది కావలెను?"

"ఓ పాతిక."

కమిషనర్ గారు నా వైపు వంగి, "సామూహిక దానమునకు గడి ఉన్నదా?" అని గుసగుసగా అడిగారు. లేదు. అయినా నేను ఉందన్నాను. ఈ ఉద్యోగంలో నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

చంద్రవ్వ కొంగు దోపుకుని మొక్కల్లోకి దిగింది. చీటీలు తెంపి పక్కన పారేస్తూ, పండిన పండు పండినట్టు కోసింది. పొయ్యి మీద నిప్పుల్లో పెట్టింది. తొక్క చిట్లి, రసం కారి, నిప్పుల మీద చుయ్యిమంది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కూడా అక్కడే కాలాయి. అవన్నీ రోట్లో వేసి, జీలకర్ర, ఉప్పు చల్లి నూరడం మొదలుపెట్టింది. ఆ వాసన షామియానా కింద పాకింది. వెనక వరసలో మాటలు ఆగిపోయాయి. వార్డు కౌన్సిలరు గుటక వేశాడు.

కుర్చీలో దిండ్ల మధ్య కూర్చోబెట్టిన రాజలింగం తల ఎత్తాడు.

చంద్రవ్వ జొన్నరొట్టె తుంచి, తొక్కు అద్ది, ఆయన నోట్లో పెట్టింది. ఆయన నెమ్మదిగా నమిలాడు. ఆమె ఆయన నోటినే చూస్తోంది. ఉమ్మేస్తాడేమోనని ఎడమ చెయ్యి ఆయన గడ్డం కింద పట్టుకుని ఉంది. ఆయన మింగాడు.

"ఉప్పు ఇంకొంచెం పడాలె" అన్నాడు.

చంద్రవ్వ వెంటనే వెనక్కి తిరిగి రోటి దగ్గర కూర్చుంది. ఉప్పు వేయడానికి అంత సేపు పట్టదు. మొహం తుడుచుకుని గాని ఆమె మళ్లీ మా వైపు తిరగలేదు. ఆ మధ్యాహ్నం రాజలింగం మూడు రొట్టెలు తిన్నాడు. నెల తిరగకుండానే మళ్లీ మగ్గం ఎక్కాడు.

తొక్కు మిగిలింది. ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టకుండా ఎలా ఉంటుంది చంద్రవ్వ? అందరికంటే ముందు శకుంతలాదేవి గారికి అరచేతిలో రొట్టె పెట్టి, దాని మీద ఇంత ముద్ద వేసింది. ఆమె ఒక తుంపు నోట్లో పెట్టుకున్నారు. కళ్లు సగం మూసుకున్నారు. రెండోది పెద్ద తుంపు తీసుకుని, నములుతూనే ఫైలు తెరిచారు.

"ముకుందరావు గారూ, లక్షా పదిహేను వేల జనాభా అన్నారు. వచ్చే దారిలో నాకు అంతమంది కనిపించలేదే?"

"ఇక్కడే ఉన్నారు మేడం" అన్నారు కమిషనర్ గారు, రెండు చేతులూ చాచి మొక్కలను చూపిస్తూ. "ముప్పై ఒక్క వేల మంది మనుషులు. తక్కినవారు వీరు. ఒక్కొక్కరికీ జనన ధ్రువపత్రం ఉన్నది."

శకుంతలాదేవి గారి దవడ ఆగిపోయింది.

"అయితే ఇప్పుడు నేను తింటున్నది?"

"తొమ్మిదో వార్డు పౌరులను మేడం" అన్నారు ఆయన వినయంగా.

ఆమె ఉమ్మలేకపోయారు, మింగలేకపోయారు. ఎదురుగా వార్డంతా కూర్చుని ఉంది. వీడియో తీసే అబ్బాయి కెమెరా ఆమె మొహం మీదే పెట్టాడు. ఆమె నెమ్మదిగా, ఎంతో కష్టం మీద మింగారు. ఆపైన నా వైపు చెయ్యి చాచారు.

"తెల్లకాగితం."

నేను ఇచ్చాను. ఆమె నిలబడే రాశారు. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీలంపేట పురపాలక సంఘ పరిధిలో పండెడి టమాటా నేటి ఉదయము నుండి కూరగాయగా పరిగణింపబడును.'

"మేడం, చిన్న సవరణ" అన్నారు కమిషనర్ గారు. "శాస్త్రరీత్యా అది పండు..."

ఆమె తల ఎత్తి చూశారు. ఆయన ఆగిపోయారు. ఆమె 'నేటి ఉదయము నుండి' కొట్టేసి 'మొదటి నుండియు' అని దిద్ది సంతకం చేశారు. సంతకం పక్కన తొక్కు మరక పడింది. ఆ మరకను కూడా నేను ఫైల్లో భద్రంగా ఉంచాను.

ఆర్డరును మైకులో చదివి వినిపించాను. వార్డంతా లేచి నిలబడి విన్నది. చంద్రవ్వ మాత్రం రోలు కడుక్కుంటూ, "గిది మాకు ముందుగాలనే ఎర్కే మేడం. మీకు చెప్పేటోళ్లు లేక ఆగినం" అంది.

ఒక గంటలో నీలంపేట జనాభా లక్షా పదిహేను వేల నుంచి ముప్పై ఒక్క వేలకు పడిపోయింది. ఎవరూ ఏడవలేదు. డాబాల మీద గిన్నెలు మోగాయి. ఆడవాళ్లు పిలుచుకుంటున్నారు, గోడల మీదుగా పండ్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. గొడుగు పట్టుకున్న ఆయన కూడా గొడుగు మడిచి తన ముసలామెను పప్పులో వేసుకున్నాడట. పై స్థాయి పట్టణం కావాలన్న మా ఫైలు శకుంతలాదేవి గారి జీపులోనే వెనక్కి వెళ్లిపోయింది.

షామియానా విప్పుతున్నారు. కమిషనర్ గారు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఫ్లెక్సీ తాడు ఒకవైపు తెగి, దాత ఫొటో ఆయన భుజం మీద ఆడుతోంది. చంద్రవ్వ రొట్టె పట్టుకుని వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"తిను సారూ. పొద్దటి సంది మైకు పట్టుకుని నిలబడ్డవ్. ఏం తినలే."

ఆయన తీసుకున్నారు. ఒక తుంపు తిన్నారు. మిరపకాయ ఘాటుకో మరి దేనికో ముక్కు ఎగబీల్చారు. చుట్టూ చూసి, నన్ను దగ్గరికి పిలిచారు.

"శ్రీశైలం, దీనికి ఎంట్రీ అవసరం లేదు కదా?"

"లేదు సార్. కూరగాయ."

ఆయన చాలాసేపు ఆ మాటను రొట్టెతో పాటు నమిలారు. తరువాత ఖాళీ చేతిని చంద్రవ్వ వైపు చాచారు.

"అమ్మా," అన్నారు, నేను ఎన్నడూ ఆయన నోట వినని మామూలు గొంతుతో, "ఇంకొంచెం వెయ్యి."